గన్నేరుకు కట్టిన గంట

సోమమ్మకు అన్నింటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏడాది నిండని తన కూతురు జంగి విషపు గన్నేరాకు నోట్లో పెట్టుకుంటుందని. పాములన్నా, దారుల వెంట తిరిగే రజాకార్లన్నా ఆమెకు అంత భయం లేదు. పాము ఎప్పుడో ఒకసారి వస్తుంది. గన్నేరు రోజూ గుమ్మం పక్కనే ఉండేది.

ఆ పూల వరుస నాటింది ఆమె అత్త సుక్కమ్మ. గొర్లున్న ఇంట్లో పచ్చని మొక్క మిగలదు. అందుకని సుక్కమ్మ గొర్లు నోరు పెట్టని మొక్కలే ఏరి దడి పొడవునా వేసింది. గుమ్మం దగ్గర గన్నేరు, నడుమ బిళ్ళగన్నేరు, ఆ చివర దగ్గుకు మందైన అడ్డసరం. మంద పెంట వేసి కుండెడు నీళ్లు పోస్తే చాలు, దేవరకొండ ఎండలకు కూడా ఆ పూలు ఆగేవి కావు. మూడేళ్లుగా అవే జాగాలు.

పోయిన వారం సోమమ్మ ఆడబిడ్డ వచ్చి సుక్కమ్మను నాలుగు రోజులు ఉంచుకుందామని తన ఇంటికి తీసుకుపోయింది. సోమమ్మ భర్త బీరన్న మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయి నెలయింది. వాన పడి నేల మెత్తగా ఉంది. సోమమ్మ గడ్డపార పట్టి గన్నేరు మొక్కలు మూడింటినీ వేళ్ల మట్టితో పెకలించి ఆ చివర నాటింది. అడ్డసరాన్ని గుమ్మం దగ్గరకు తెచ్చింది. నాలుగో రోజు రాత్రి ఆడబిడ్డ అత్తను తెచ్చి దింపింది. అడిగితే కదిలించనివ్వదని ముందు చెప్పలేదు, తిడుతుందని తర్వాతా చెప్పలేదు.

తెల్లవారి జంగి దగ్గుతూ లేచింది.

"నువ్వు నీళ్లకు పో పిల్లా. నేను కషాయం పెడ్త," అంది సుక్కమ్మ. ఆమెకూ పడిశం పట్టి ముక్కు ఎగబీలుస్తోంది.

"జర పైలం అత్తా. పిల్లను మొక్కల దిక్కు పోనియ్యకు."

"నీ మొగణ్ణి గూడ గీ చేతులే సాదినయి. మీసాలొచ్చేదాంక బతికే ఉన్నడు గద. పో."

బావి దగ్గర బిందె సగం నిండేసరికి జంగి మొక్కల దిక్కు పాకిపోతుందేమోనని సోమమ్మకు మనసు నిలవలేదు. సగం బిందెతోనే ఇంటికి వచ్చింది. పొయ్యి పక్కన కషాయం మరిగించి దించి ఉంది. గిన్నె అంచుకు సన్నగా పొడుగ్గా ఉన్న గన్నేరాకు ఒకటి అంటుకొని ఉంది. జంగి సుక్కమ్మ ఒడిలో ఉంది. ఉగ్గుగిన్నె దాని పెదాల దగ్గరకు వచ్చింది.

సోమమ్మ బిందె వదిలేసి ఉగ్గుగిన్నెను చేత్తో కొట్టింది. కషాయం గోడ మీద పడింది. జంగి కెవ్వుమంది.

"తాగిందా? ఎన్ని గుక్కలు తాగింది?"

"ఇంక పొయ్యనే లేదు. ఏం పుట్టిందే నీకు? నా చేతిది విషమా?"

"విషమే. గిదేం ఆకో సూడు."

సోమమ్మ ఆకు ఎత్తి పట్టుకుంది. సుక్కమ్మ తలెత్తింది కానీ ఆమె చూపు ఆకు మీద లేదు, దాని పక్కన ఎక్కడో ఉంది. సోమమ్మ చేయి మెల్లగా అటు జరిపింది. కళ్లు కదలలేదు.

"అత్తా... నీకు కండ్లు అవుపడ్తలేవా?"

సుక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోయిన చలికాలం సంది మసక. ఇప్పుడు వెలుగు తప్ప ఏం తెలుస్తలేదు. దడి పట్టుకొని అడుగులు లెక్కపెట్టుకుంట పోత. కడకు పోతే అడ్డసరం. ఉన్ని వడికి వడికి ఏలికొసలు మొద్దుబారినయి, ముక్కు పడిశం పట్టింది. జాగానే నమ్ముకున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పిల్లను నా ఒళ్లె ఏస్తవా?"

సోమమ్మ అత్త ముందు నేల మీద కూర్చుంది. "మొక్కలు మార్చింది నేనే అత్తా. పిల్ల భయానికి. నీకు చెప్పకుంట."

సుక్కమ్మ చేయి ఆమె తల కోసం గాలిలో వెతికింది. అప్పుడు సోమమ్మకు ఇంకో భయం తట్టింది. "నువ్వు రుచి చూసినవా?"

"చేదెంతుందోనని నాలుకకు రాసుకున్న. ఉమ్మేసిన."

సోమమ్మ చెంబులకొద్దీ నీళ్లు తెచ్చి అత్త నోరు పుక్కిలింపజేసింది. పాలమూరు దవాఖాన ఎడ్ల బండి మీద రెండు రోజుల దారి. రజాకార్ల భయానికి ఊళ్లో బండి కట్టేవాళ్లు కూడా లేరు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆమె ఒక చేయి బిడ్డ గుండె మీద, ఇంకో చేయి అత్త మణికట్టు మీద పెట్టుకొని కూర్చుంది.

"నా నాడి ఎంతసేపు పట్టుకుంటవే? హకీం బిడ్డవా?" అంది సుక్కమ్మ చివరకు. "ఆకలైతాంది."

సోమమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అంబలి తాగాక సుక్కమ్మే అంది, గన్నేరు పీకెయ్యమని. అత్త చేత్తో నాటిన మొక్కలను పీకడానికి సోమమ్మకు మనసొప్పలేదు. బీరన్న అటక మీద దాచిన గొర్రె గంటలు మూడు దించింది.

"ఒక్కో మొక్కకు ఒక్కటి కడ్త. నీ చేయి తగిలినా, జంగి చేయి తగిలినా మోగుతది. నేను ఉరికొస్త."

"మరి పిల్లను నా ఒళ్లె ఏస్తవా?"

సోమమ్మ జంగిని తీసి అత్త ఒడిలో పెట్టింది. వెనక్కి నాలుగుసార్లు చూసుకుంటూ ఆ చివరకు నడిచి గంటలు కట్టింది.

ఇది చదివినవాళ్లు ఒక్క పని చేయండి. మీ ఇంట్లో దడి పట్టుకొని, గోడ పట్టుకొని నడిచే పెద్దామె ఉంటే, ఈ రోజే దగ్గర కూర్చొని ఒక ఆకు చూపించి ఇదేమిటని అడగండి. చూపు తగ్గిందని ఆమె తనంతట తాను చెప్పదు.