మూలసీటులో ఎవరో ఉన్నారు

మా పిన్ని పనిచేసే పింఛన్ల ఆఫీసులో ఆ మూలసీటుకి మంచి పేరు లేదు. అక్కడి గుమాస్తా ఒకాయన పని చేస్తూ చేస్తూనే బల్ల మీదికి ఒరిగి, ప్రాణం వదిలేశాడట. పని చేస్తూ పోవడం ఆ ఆఫీసులో అంతకు ముందెన్నడూ లేదు... అందుకే అందరూ అంత జడుసుకున్నారు.

అప్పట్నుంచి ఆయన కంప్యూటరుకి దెయ్యం పట్టిందన్నారు. ఒకరోజు లేస్తుంది, నాలుగురోజులు లేవదు. బటన్ నొక్కితే ఫ్యాను గుర్రుమంటుంది, కీక్... కీక్... అని లోపల్నుంచి అరుపు — తెర మాత్రం నల్లగానే.

కిటికీ దగ్గర నిలబడ్డ జనానికి ఒకటే జవాబు: "దెయ్యమండీ. రేపు రండి."

అలా తిరిగి తిరిగి, ఆగిపోయిన పింఛను రాక, ఒక ముసలావిడ మందులు కొనడం కూడా మానేసింది.

కొత్తగా బదిలీ మీద వచ్చిన మా పిన్నికి ఆ సీటే అంటగట్టారు. పిన్ని ప్లగ్గు మార్చి చూసింది. వైరు మార్చి చూసింది. అదే అరుపు. చివరికి పక్క రేకు విప్పితే — లోపల మెమరీ ముక్క గాడిలోంచి సగం పైకి లేచి ఉంది; అది సరిగ్గా కూర్చోకపోతే కంప్యూటరు లేవనే లేవదు. దాన్ని తీసి, అంచులు రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కింది.

తెర వెలిగింది!

ఆఫీసులో ఒక్కరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు.

"దాన్నెందుకమ్మా కెలుకుతావు..." అని గొణిగారు సూపరింటెండెంటుగారు.

మర్నాడు చూస్తే ముక్క మళ్ళీ పైకి లేచి ఉంది. పిన్నికి ఒళ్ళు మండింది. తిరిగి నొక్కి, ముసలావిడ వివరాలు సగం ఎక్కించింది. సాయంత్రం అందరూ వెళ్ళాక, ఇంటికి పోకుండా బీరువా వెనక నక్కింది.

చీకటి పడింది. తలుపు కిర్రుమంది... మూలసీటు వైపు అడుగులు... రేకు విప్పుతున్న చప్పుడు...

పిన్ని గుండె చిక్కబట్టుకుని లైటు వేసింది.

సూపరింటెండెంటుగారు! గుప్పిట్లో మెమరీ ముక్క.

"అరవకు తల్లీ... ఇది నడిస్తే పాత కాగితాలన్నీ మన నెత్తినే పడతాయి."

"మందుల్లేక ఆవిడ పోతే ఎవరిది సార్ పాపం? ఇన్నాళ్ళూ దెయ్యం మీరేనా?"

ఆయన తల దించుకోలేదు. చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"పీకేది నేనే. నువ్వు రాకముందు నుంచీ రోజూ పీకుతూనే ఉన్నాను. కానీ... ఒక్కోరోజు పొద్దున్నకల్లా అది మళ్ళీ గాడిలో ఉంటోంది. పెడుతున్నది ఎవరమ్మా?"

ఇద్దరూ ఒకేసారి ఆ కుర్చీ వైపు చూశారు. ఆ తర్వాత ఎవరు ముందు పరిగెత్తారో పిన్ని ఇప్పటికీ చెప్పదు.

పొద్దున ఇద్దరూ కలిసే లోపలికి వెళ్ళారు. మెమరీ ముక్క ఇంకా ఆయన జేబులోనే ఉంది.

తెర మాత్రం వెలుగుతోంది.

సగంలో ఆగిన ముసలావిడ వివరాలు పూర్తిగా ఎక్కించి ఉన్నాయి. కాగితం అచ్చయి బల్ల మీద ఉంది. కింద ఒక్కటే ఖాళీ — సూపరింటెండెంటుగారి సంతకం.

ఆయన కూర్చోనైనా కూర్చోకుండా గబగబా పెట్టేశాడు.