కొంచెం అనే విభక్తి

"పాదం ఎత్తకు, జరుపు!" అంది తుయారా.

జులుస్ జరిపాడు. మంచు కింద ఎక్కడో లోతున లేనా నది మూలిగింది. మే నెల వచ్చి నాలుగు రోజులైంది. గడ్డకట్టిన నది మీది దారిని బండ్లకు మూసేశారు. అవతలి ఒడ్డున ఆమె ఊరు. మంచు విరిగి నది కదిలాక మొదటి పడవలో ఆమె ఉత్తరాదిన బడిలో ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. అసలు మాట చెప్పడానికి అతనికి మిగిలింది ఈ నడకే.

"భయమా, పట్నం బాబూ?"

"లేదు. నీకు?"

"నాకుంది. అందుకే నీకంటే ముందు నడుస్తున్నా."

యాకుత్స్క్ పట్నంలో రష్యన్ మాట్లాడుతూ పెరిగిన సఖా జాతి యువకుడతను. సొంత భాషను ఈ చలికాలమే ఆమె దగ్గర నేర్చుకున్నాడు. అందులో ఒక విభక్తి అతనికి మరీ నచ్చింది. దేన్నయినా కొంచెం ఇమ్మని అడిగేటప్పుడు తప్ప అది మరెక్కడా రాదు: నీళ్ళు కొంచెం, వెన్న కొంచెం. కొంచెమే అడిగితే, కాదన్నప్పుడు పోయేదీ కొంచెమే. దాన్ని అతను వినయం అనుకున్నాడు.

ఫట్‌మంది.

మరుక్షణం అతను నడుము దాకా నీళ్ళలో ఉన్నాడు. ఊపిరి ఆడలేదు. ప్రవాహం బూట్లు పట్టుకుని మంచు కిందికి లాగుతోంది.

తుయారా బోర్లా పడుకుని పాకుతూ వచ్చి చేయి చాచింది. అతని వేళ్ళు ఆమె వేలికొసలను తాకి వదిలేశాయి. గట్టిగా పట్టుకుంటే ఆమె కూడా పడిపోతుంది. ఆమె బరువుకే మంచు పగుళ్ళిస్తోంది.

"ఇలీతే కులు!" అని అలవాటుగా ఆ 'కొంచెం' విభక్తిలోనే అరిచాడు.

ఆమె ముఖం పాలిపోయింది. నోరు మాత్రం ఊరుకోలేదు.

"చేయి కొంచెం ఇవ్వాలా? ఎంత, రెండు వేళ్ళా?"

"ఇప్పుడా పాఠం!"

"మొత్తం అడగరా, మొద్దూ! కొసలు పట్టుకుంటే నిన్ను లాగలేను!"

అడగడమంటే ఎదుటి మనిషిని కూడా ప్రమాదంలోకి పిలవడమేనని అతనికి అప్పుడు అర్థమైంది. చలికంటే అదే ఎక్కువ భయపెట్టింది.

"ఇలీగిన్!" అన్నాడు. నీ చేయి, మొత్తంగా.

ఒకరి మణికట్టును ఒకరు బిగించి పట్టుకున్నారు. మంచు కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది. అతని ఛాతీ అంచు మీదికొచ్చింది, తర్వాత మోకాళ్ళు. చేతులు వదలకుండానే ఇద్దరూ ఒడ్డుదాకా పాకారు.

"నేనూ ఉత్తరానికి వస్తాను," అన్నాడు జులుస్, పళ్ళు టకటకలాడుతుండగా. "నువ్వు కావాలి నాకు."

"కొంచెమా?"

"కాదు."

కేకలు విని తుయారా తల్లి గట్టు దిగి పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని తడిమి చూసుకుంది. ఆ తర్వాత నీళ్ళోడుతున్న యువకుడి వైపు తిరిగింది.

"ఎవరే ఇతను?"

మంచు మీద వెనకాడని తుయారా ఇప్పుడు వెనకాడింది. కిహి అంటే మనిషి. దాని చివర ఒక్క 'మ్' చేరిస్తే 'నా మనిషి' అవుతుంది. ఒకసారి చేర్చాక తీసేయడం కుదరదు.

"కిహి..." అంది. ఆగింది. "కిహిమ్."

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నీ మనిషైతే చూస్తూ నిలబడతావేంటే? ముందు ఆ బూట్లు లాగు."