పాత ఉప్పు కచేరీలో గబ్బిలాలు లేవు

"ఈసారి ఏ పాడుబడ్డ కొంపలోనూ దూరకూడదు. అర్థమైందా?"

మద్రాసు ఆఫీసులో చీఫ్ రంగనాయకులు ఇచ్చిన మొదటి ఆర్డర్ అది. అసైన్‌మెంట్ సంగతి ఆ తరువాత.

"యస్ సర్," అన్నాడు ఏజెంట్ జయకుమార్. అతను అంత వినయంగా ఒప్పుకున్నాడంటే మాట వినబోవడం లేదని చీఫ్‌కి అనుభవమే.

డిపార్ట్‌మెంటులో జయకుమార్ కోడ్‌నేమ్ 'గబ్బిలం'. సెలవు దొరికితే మిగతా ఏజెంట్లు ఊటీకో, గుర్రప్పందేలకో పోతారు. ఇతను కూలిన కోటలూ, మూతపడ్డ మిల్లులూ, నేలమాళిగలూ, సొరంగాలూ వెతుక్కుంటూ పోతాడు. నిధుల కోసం కాదు. అందరూ వదిలేసిన చోటికి వెళ్ళి, అక్కడ ఒకప్పుడు మనుషులు ఏం చేశారో ఆనవాళ్ళు పట్టడం అతనికి సరదా. కిందటేడు ఆ సరదాలోనే మిద్దె కూలి కాలు విరిగింది. మూడు నెలలు మంచం, ముప్పై పేజీల ఎంక్వయిరీ.

"విను," చీఫ్ మ్యాప్ పరిచాడు. అది 1965 సెప్టెంబరు. యుద్ధం ముదిరి వారం కూడా తిరగలేదు. "జలరాజ అనే ఓడ ఆరువందలమంది సిపాయిలతో విశాఖపట్నం నుంచి వస్తోంది. శుక్రవారం ఉదయం పది గంటలకు నెల్లూరు తీరం పక్కగా పోతుంది. అక్కడ శత్రువుల సబ్‌మెరైన్ కాచుకుని ఉంది. సరిగ్గా పదింటికి ఒడ్డు మీంచి ఎవరో వైర్‌లెస్‌లో ఓడ జాడ చెప్పబోతున్నారు."

"ఓడని ఆపించరాదా?"

"రేడియో సైలెన్స్‌లో ఉంది. మన మాట దానికి చేరదు. ఆ ట్రాన్స్‌మిటర్‌ని పట్టుకోవాలి. మొగిలిపాలెంలో మన ఏజెంట్ మిస్ కమీలా ఉంది. ఆమె చెప్పినట్టు విను. ఓడ పేరు మాత్రం కన్నతల్లికి కూడా చెప్పకు."

*

గురువారం మధ్యాహ్నానికి జయకుమార్ ఉప్పు బేరగాడి వేషంలో మొగిలిపాలెంలో దిగాడు. తలకి తుండుగుడ్డ, చంకలో గొడుగు, జేబులో డిపార్ట్‌మెంటు వారి ఫౌంటెన్ పెన్ కెమెరా. ఆ కెమెరా ఫోటోలు తీయదు గానీ చొక్కా నిండా సిరా మాత్రం కక్కుతుంది.

"ఈ ఏడు ఉప్పు తెల్లగా ఉందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"వాన పడ్డాక చెబుతాను," అంది నల్లకళ్ళద్దాల సుందరి. పక్షుల బొమ్మలు గీసే ఆర్టిస్టునని ఊళ్ళో చెప్పుకుని మకాం పెట్టింది. మద్రాసు క్లబ్బుల్లో మిస్ కమీలా. పక్కనే ఉన్న కోట అనే ఊరి దగ్గర వరి పండించే రైతింట పుట్టినప్పుడు మాత్రం కామాక్షమ్మ. ఇంగ్లీషు ఆమె పెదవుల మీద ఎంత జోరుగా పరుగెడుతుందో, అబద్ధం అంతకంటే జోరుగా పరుగెడుతుందని జయకుమార్‌కి అప్పటికి తెలీదు.

ఏటి ఒడ్డున పాత ఉప్పు కచేరీ ఉంది. దొరల కాలంలో ఉప్పు పన్ను వసూలుకి కట్టారు. పదేళ్ళ క్రితం తుఫానుకి సగం కూలాక ఎవరూ అటు పోవడంలేదు. కమీలా అతన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

"నేను అంగుళం వదలకుండా వెతికాను. కింద సొరంగం ఉండేదిట, ఇసుకతో పూడిపోయింది. మనం పొద్దున్నే బయలుదేరి ఇరవై మైళ్ళ అవతలి లైట్‌హౌస్ దగ్గర కాపు వేయాలి."

జయకుమార్ తలెత్తి పైకప్పు చూశాడు. కింద నేల చూశాడు. గాలి పీల్చాడు. పదేళ్ళుగా పాడుబడ్డ మిద్దెలో ఒక్క గబ్బిలం లేదు. నేల మీద పెంటికలున్నాయి, కానీ అన్నీ ఎండి పొడి అయిపోయినవి. ఇలాంటి చోట్ల ఎన్నోసార్లు పాకిన మనిషి కనక అతనికి వెంటనే వెలిగింది. గబ్బిలాలు ఊరికే ఇల్లు ఖాళీ చేయవు. కింద దీపమో, పొగో, ఇంజను చప్పుడో ఉండాలి.

ఆ సాయంత్రమే కోటకి వెళ్ళి చీఫ్‌కి టెలిగ్రాం కొట్టాడు. గంటలో జవాబొచ్చింది: 'భవనాల జోలికి పోకు. కమీలా వెంట లైట్‌హౌస్‌కి వెళ్ళు.' జయకుమార్ దాన్ని నాలుగు ముక్కలు చేసి కాలవలో వదిలాడు. ఉద్యోగం పోతే పోనీ, ఆరువందల ప్రాణాల ముందు అదెంత అనుకున్నాడు.

రాత్రికి గురవమ్మ అనే పెద్దామె ఇంటి అరుగు మీద బస దొరికింది. చేపల పులుసు వడ్డిస్తూ, అడక్కుండానే ఆమె ఊరి చరిత్రంతా చెప్పింది.

"ఆ సొరంగమా? ఏటి నీళ్ళు ఉప్పుమళ్ళకి పొయ్యే దోవ అబ్బయ్యా అది. మాయాయన దాంట్లో పూడిక తీసేవోడు. దిగేదానికి చిన్న బావి మాదిరి బొక్క ఉండాది, తుమ్మచెట్ల నడాన. ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసకతో పూడిపొయ్యి రెండేళ్ళాయ. సముద్రం నీళ్ళు లోపలికి రాలా. సొరంగం ఎండిపొయ్యుండాది."

"మొగ కొట్టించుకోలేదా?"

"ఆదివారం కొడతాం. ఊరి తల్లికి పొంగలి పెట్టి, పెద్దకాపు మొదటి పార వెయ్యాల. అంతదాకా ఆ ఇసకని ఎవురూ ముట్టకూడదు." కాస్త మురిపెంగా నవ్వింది. "మా పిల్లోడు చిన్నపోలయ్య ఉండుంటే బలే తవ్వుతాడు. ఓడలో కలాసీగా పొయినాడు. జలరాజ అంట, పేరు బాగుండాది గదా?"

జయకుమార్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. బాగుందన్నట్టు తలాడించి చెయ్యి కడుక్కున్నాడు.

*

శుక్రవారం ఉదయం ఆరున్నరకి కమీలా పంపుతానన్న జీపు కోసం ఎదురుచూడకుండా అతను తుమ్మచెట్లలో ఉన్న బావిలోకి దిగాడు. చేతిలో టార్చి ఉన్నా కిరసనాయిలు బుడ్డి కూడా వెలిగించుకున్నాడు. లోపల గాలి చెడితే టార్చి చెప్పదు, బుడ్డి చెబుతుంది. ఇటుకల సొరంగంలో రెండువందల గజాలు పాకాక ముందు వెలుతురు కనపడింది. సరిగ్గా కచేరీ కింద ఇనుప ఊచల తలుపు. దాని వెనక నేల మీద వరసగా బ్యాటరీలు, వాటి పక్కన బల్ల మీద ట్రాన్స్‌మిటర్, ఇద్దరు విదేశీయులు, నల్లకళ్ళద్దాలు లేని మిస్ కమీలా.

అతను బుడ్డి ఆర్పేలోపే ఆమె చూసింది. పిస్టల్ ఎత్తింది.

"లైట్‌హౌస్‌కి రమ్మన్నాను కదా. నీ సరదా నిన్ను చంపుతుంది, గబ్బిలం!"

"నువ్వు ఎవరి మనిషివి కమీలా?"

"రెండు వైపులా జీతం తీసుకుంటాను. ఎక్కువిచ్చే వైపు పని చేస్తాను."

"పైన ఏరియల్ కోసేస్తే నీ పని ఏమవుతుంది?"

"మిద్దె మీద రైఫిల్‌తో మనిషున్నాడు. వెళ్ళి కొయ్యి. పోలీసులు రావాలంటే నెల్లూరు నుంచి మూడు గంటలు."

"నీళ్ళు రావడానికి అంతసేపు పట్టదు. ఇవాళ పున్నమి పోటు."

ఆమె పకపకా నవ్వింది. "నేనీ గాలి పీల్చి పెరిగినదాన్ని. పొంగలి పెట్టకుండా వీళ్ళు మొగ ముట్టరు. మా ఇంట్లో ముహూర్తం లేనిదే నాగలి కదలదు. ఈ చోటు నేను ఎందుకు ఎంచుకున్నాననుకున్నావు?"

పిస్టల్ పేలింది. ఇటుక పెళ్ళ రాలి చెవి పక్కన పడింది. జయకుమార్ వచ్చిన దారినే వెనక్కి పాకాడు.

*

ఏడున్నరకి తెప్పల దగ్గర ఊరంతా పోగైంది. మొగ ఇప్పుడే కొట్టి సొరంగాన్ని ముంచాలని జయకుమార్ చెప్పిందంతా విని పెద్దకాపు పోలేరయ్య అడ్డంగా తలూపాడు.

"మాకు దేశం మీద ప్రేమ లేదనుకోబాకయ్యా. తాతల నాటి కట్టు. తల్లికి చెప్పకుండా మొగ కొడితే ఊరికి అరిష్టం. ఆదివారం దాకా ఆగాల."

"ఆదివారానికి ఓడ ఉండదు."

"ఏ ఓడ?" అంది గుంపులోంచి గురవమ్మ.

కన్నతల్లికి కూడా చెప్పొద్దన్నాడు చీఫ్. ఇప్పుడు అడుగుతున్నది కన్నతల్లే. జయకుమార్ ఆమె కళ్ళలోకి చూసి చెప్పేశాడు.

"జలరాజ, పెద్దమ్మా. పదింటికి."

గురవమ్మ ఏడవలేదు. కొంగు నడుముకి దోపింది. ఎవరి చేతిలోనో ఉన్న పార లాక్కుంది.

"గురవా! కట్టు తప్పుతుండావు!" పోలేరయ్య గద్దించాడు.

"తప్పుతుండా. తల్లికి పొంగలి సందేళకి పెట్టుకుంటా. ఆమెకీ బిడ్డలుండారు, నామీద అలగదు. అలిగిందా, నామీదనే అలగమను, నీ మీద కాదు!"

మొదటి పార ఆమే వేసింది. తరువాత ఒక ఆడమనిషి తట్ట పట్టుకుంది. ఇంకొకామె వెళ్ళింది. మొగాళ్ళకి రోషం వచ్చింది. చివరికి పోలేరయ్య తలపాగా విప్పి, తిట్టుకుంటూనే పార అందుకున్నాడు.

ఇసుక అడ్డు అరవై అడుగుల వెడల్పు. డెబ్భైమంది రెండు వైపుల నుంచీ తవ్వారు. ఎనిమిదిన్నర. తొమ్మిది. జయకుమార్ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. తొమ్మిదింపావుకి చివరి గట్టు తెగింది. మొదట బెత్తెడు నీరు పాకింది, తరువాత గట్లు రెండూ ఒరుసుకుంటూ సముద్రం లోపలికి దూకింది. రెండేళ్ళుగా నోరెండిన ఏరు గటగటా తాగేసి, సొరంగంలోకి నీళ్ళు పోయే పాత తూముదాకా పొంగింది.

సొరంగంలో కమీలా గడియారం చూసుకుంటోంది. తొమ్మిది యాభై ఆరు. చీరకుచ్చెళ్ళు తడిగా తగిలాయి. తొమ్మిది యాభై ఎనిమిదికి నీళ్ళు చీలమండలు దాటాయి. విదేశీయులిద్దరూ కచేరీలోకి ఎక్కే మెట్లవైపు పరుగెత్తారు. ఆమె కదల్లేదు. పదింటికి పది సెకన్లు ముందుగా కీ మీద వేలు నొక్కింది. అదే క్షణంలో ఉప్పునీరు వరసలోని ఆఖరి బ్యాటరీని ముంచింది. చటాలున నీలంగా మెరిసి దీపం ఆరిపోయింది. కీ కిందికి దిగింది గానీ సిగ్నల్ పోలేదు.

మిద్దె మీది రైఫిల్ మనిషి కింద కచేరీ చుట్టూ తెడ్లు పట్టుకుని నిలబడ్డ డెబ్భైమందిని చూసి, లెక్కపెట్టి, తుపాకీ కింద పడేశాడు. విదేశీయులిద్దరూ చేతులెత్తి బయటికొచ్చారు. ఆఖరున తడిసి ముద్దయిన కమీలా మెట్లెక్కి వచ్చింది.

"కట్టు ఎలా తప్పారు?" అడిగింది నమ్మలేనట్టు. "వీళ్ళు చచ్చినా తప్పరే!"

"చావడానికైతే తప్పేవాళ్ళు కాదు, బతికించడానికి తప్పారు," అన్నాడు జయకుమార్, సంకెళ్ళు వేస్తూ.

పదీ ఇరవైకి దూరాన ఒక ఓడ పొగ కనపడింది. తనను ఎవరు కాపాడారో తెలీని జలరాజ తాపీగా దక్షిణానికి సాగిపోయింది. గురవమ్మ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, అది కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది. ఆ తరువాతే కూలబడి ఏడ్చింది.

వారం తరువాత మద్రాసులో జయకుమార్‌కి రిపోర్ట్ ఫారం ఇచ్చారు. తొమ్మిదో కాలమ్: 'ఈ ఆపరేషన్ ఎవరి అనుమతితో జరిగినది?' అతను ఆలోచించకుండా 'గురవమ్మ' అని రాశాడు.

మర్నాడు ఫైలు తిరిగొచ్చింది. మార్జిన్లో చీఫ్ ఎర్రసిరా: 'ఈమె ర్యాంకు?'

'మనందరికంటే పైన' అని రాసి, జయకుమార్ సంతకం పెట్టాడు.