ముందు మీరు దిగండి

పొద్దున ఏడింటికే చెంచురామయ్య తన పత్తిచేను గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. మొహం ఆముదం తాగినట్టుంది. పన్నెండెకరాల ఆసామి సొంత చేలోకి దిగడానికి ఒక కూలిమనిషి చెప్పినట్టు వినాల్సివస్తే ఎవరి మొహమైనా అలాగే ఉంటుంది మరి.

"పురుగుమందు కొట్టి నాలుగు రోజులైందంటే నమ్మవేం ఆదెమ్మా?" అన్నాడు.

"నమ్మకేం అయ్యా. ఒక్క సాలు ఆ చివరిదాకా నడిచొచ్చారంటే ఇంకా బాగా నమ్ముతాం. ముందు మీరు దిగండి."

వెనక ఇరవై నలుగురు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఆయన పంచె ఎగ్గట్టి, వట్టి కాళ్లతో ఒక సాలు పొడుగునా నడిచి వచ్చాడు. దగ్గలేదు, తూలలేదు, కళ్లు నులుముకోలేదు. అప్పుడు ఆదెమ్మ ముఠా చేలోకి దిగింది.

ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. తొమ్మిదేళ్ల కిందట, మందు కొట్టిన మర్నాడే చేలో పనికి దిగిన ఆదెమ్మ భర్త సాయంత్రానికి నోట నురగతో ఇల్లు చేరాడు. వారం బతకలేదు. ఆ తర్వాత ఆమె పత్తితీత ముఠాకు మేస్త్రీ అయినప్పుడు పెట్టిన మొదటి షరతు ఇదే. చేను బాగుందని ఎవరంటారో వాళ్లే ముందు దిగాలి. పర్చూరు చుట్టుపక్కల రైతులు మొదట్లో మండిపడ్డారు. కానీ ఆమె ముఠా తీసిన పత్తిలో చిన్న ఆకుముక్క కూడా కనపడదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని తిట్టుకుంటూనే ఆమెనే పిలిచేవాళ్లు.

ఎనభై ఆరు నవంబరు అది. ఆ వారమంతా ఆదెమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. కొడుకు ఇమ్మానియేలు గుజరాత్ నుంచి వచ్చాడు. అక్కడ సముద్రపొడ్డున పాత ఓడలను పగలగొట్టే యార్డులున్నాయి. పని అయిపోయిన ఓడను సముద్రం పోటెత్తినప్పుడు ఒడ్డుకు తోలుకొస్తారు. ఇసుకలో కూరుకుపోయిన దాన్ని వందలమంది కూలీలు గ్యాసు మంటలతో కోసి, సమ్మెటలతో బాది, ముక్కలు చేసి భుజాల మీద మోస్తారు. రెండేళ్ల కిందట అలాంటి కూలీగానే పోయినవాడు ఇప్పుడు మేస్త్రీ అయి వచ్చాడు. చేతికి గడియారం, తల్లికి మంగళగిరి చీర. మేస్త్రీ కడుపున మేస్త్రీ పుట్టాడని పేటంతా చెప్పుకుంటుంటే ఆ తల్లి పొంగిపోయింది. పొంగదూ మరి!

అతను వచ్చింది చీర ఇవ్వడానికే కాదు. పేట నుంచి పదహారు మందిని వెంట తీసుకుపోవాలి. సోమవారం చీరాలలో రైలు. ఇక్కడ రోజంతా ఎండలో నిలబడితే వచ్చేదానికి అక్కడ మూడింతలు. మొదటి పేరు అల్లుడు యేసుపాదానిదే. కూతురు జయకుమారి ఆరో నెల కడుపుతో ఉంది. మొగుడు పోవడం ఆమెకు ఇష్టంలేదు. "మీ అన్న చూడు, ఎట్టా తేలాడో" అని అతను అన్న ప్రతిసారీ ఆమె ఏదో ఒక గిన్నె గట్టిగా కింద పెట్టేది. ఆదివారం గుడిలో ఇమ్మానియేలు నిలబడి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అడిగారు. అది విన్నాక వెనకాముందాడే నలుగురు కూడా పేర్లు ఇచ్చేస్తారు.

ఒక్కటే ఆదెమ్మకు అంతుపట్టలేదు. ఇంత ఉక్కలోనూ కొడుకు పొడుగు చేతుల చొక్కా విప్పడం లేదు. అడిగితే అక్కడంతా ఇట్టాగే వేసుకుంటారమ్మా అన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆడవాళ్లు పత్తి మూటలు నెత్తిన పెట్టుకుని తూకానికి చెంచురామయ్య దొడ్డికి వచ్చారు. అక్కడ మగవాళ్లు జొన్నపాతర తీస్తున్నారు. నిలువెత్తు గొయ్యిలో గింజలు పోసి, పైన మట్టితో మూసేసిన పాతరలో గాలి చెడిపోతుంది. తొందరపడి దిగినవాడు మళ్లీ పైకి రాడు. అందుకని ముందు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి దించుతారు. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఆగాలి. ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలిసిన సంగతే.

యేసుపాదం లాంతరు వెలిగించాడు. తాడు కట్టి గొయ్యిలోకి వదిలాడు.

"వద్దురా!"

చెట్టు కింద, వెంట రావడానికి పేరిచ్చిన అబ్దుల్ ఖాదర్‌తో ప్రయాణం సంగతులు మాట్లాడుతున్న ఇమ్మానియేలు ఒక్క ఉదుటున వచ్చాడు. బావమరిదిని పక్కకు తోసి, తాడు లాగి, లాంతరును దూరంగా విసిరికొట్టాడు. గాజు భళ్లుమంది. అతను అక్కడే మట్టిలో కూలబడి రెండు చేతులతో తల కప్పుకున్నాడు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు అలాగే ముడుచుకుని ఉన్నాడు.

ఏమీ కాలేదు. జొన్నపాతరలో ఏమవుతుంది? కొందరు నవ్వబోయి ఊరుకున్నారు. తాడు లాగేటప్పుడు అతని చొక్కా చెయ్యి మోచేతిదాకా జారింది. చర్మం ముడతలుపడి, కాలిన తోలులా మెరుస్తోంది. ఆదెమ్మ మూట దించి, తూకం సంగతి కూడా మర్చిపోయి, కొడుకును లేపి ఇంటికి తీసుకుపోయింది.

ఇంట్లో అతను ముందు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. వేడి ఇనుము తగిలిందన్నాడు. నిద్రలేక అట్టా చేశానన్నాడు. అమ్మ ముందు అబద్ధం ఎక్కువసేపు నిలబడదు. జయకుమారి నీళ్లు తెచ్చి ఇచ్చి, "మా ఆయన్ని తీసుకుపోయేది అక్కడికేగా అన్నా? నాకు చెప్పు" అని ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పాడు.

అక్కడ అతనికొక స్నేహితుడు, మరియదాసు. అమరావతి దగ్గర పల్లెటూరివాడు. ఒక గదిలో వండుకుని, ఒక దుప్పటి కప్పుకుని బతికారు. పోయిన వేసవిలో ఒక పెద్ద ఓడ వచ్చింది. చమురు మోసిన ఓడ. దాని అడుగు ట్యాంకులోకి దిగి కోయమన్నారు. లోపల గాలి ఎట్టా ఉందని మరియదాసు అడిగితే ఎవరూ బదులు చెప్పలేదు. దిగకపోతే పోరా, నీ వెనక వందమంది ఉన్నారన్నారు. దాంతో మరియదాసు మన ఊళ్లలో చేసే పనే చేశాడు. లాంతరు వెలిగించి తాడుతో దించాడు.

"ఆ ట్యాంకులో ఉంది చెడుగాలి కాదమ్మా, మండే గాలి. అది మాకు తెలీదు. ఒక్కసారిగా మంట లేచింది. వాడు ఆ రంధ్రం మీదికి వంగి చూస్తున్నాడు." ఇమ్మానియేలు తన కాలిన చేతివైపు చూశాడు. "లాంతరు వెలిగించి వాడి చేతికిచ్చింది నేనే."

తర్వాత సంగతి ఇంకా కష్టంగా బయటికి వచ్చింది. యార్డువాళ్లు ఒక కాగితం రాశారు. వద్దని చెబుతున్నా వినకుండా కూలీ దీపం పట్టుకుపోయాడనీ, తప్పంతా అతనిదేననీ. చదువుకున్నవాడివి, పక్కనే ఉన్నవాడివి, సంతకం పెట్టమన్నారు. లేకపోతే లాంతరు ఇచ్చినందుకు నిన్నే పోలీసులకు పట్టిస్తామన్నారు. పెట్టాడు. నెల తిరక్కుండా మేస్త్రీని చేశారు. మరియదాసు భార్య దేవకుమారికి ఒక్క పైసా ముట్టలేదు.

జయకుమారి ఏడుస్తోంది. ఆదెమ్మ ఏడవలేదు. కొడుకు కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డను నిమిరినట్టు నిమిరింది.

"లోపల ఏముందో ఎవరికి తెలుసురా?"

"ఓడ కొన్నవాళ్లకి."

"చెప్పారా?"

"లేదు."

"మరి లాంతరు దించడం మీ తప్పెట్టా అవుద్ది? అది మన తెలివి. మనకి తెలిసిన జాగ్రత్త అదొక్కటే, అదే చేశారు. దానికి నువ్వు కుమిలిపోమాక." ఆమె ఆగింది. నిమిరే చెయ్యి కూడా ఆగింది. "సంతకం మాత్రం నీ తప్పే. ఆ తప్పు మీదే మేస్త్రీవయ్యావు. ఇప్పుడు ఇంకో పదహారు మందిని ఆ గొయ్యికాడికి తోలుకుపోతన్నావు. అందులో నీ చెల్లెలి మొగుడున్నాడు. రేపు గుడిలో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆదెమ్మ లేచి మంగళగిరి చీరను మడత విప్పకుండానే ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఆ సంతకం వెనక్కి తీసుకున్న రోజు కట్టుకుంటానంది. ఆ పూట కొడుక్కి అన్నం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. అది అతనికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఆదివారం గుడి కిటకిటలాడింది. గుడ్డముక్కల టోపీలు పెట్టుకున్న పిల్లల దగ్గర్నుంచి, కర్ర ఊతంగా వచ్చిన ముసలివాళ్లదాకా అందరూ ఓడల మేస్త్రీ సాక్ష్యం వినడానికి వచ్చారు. ఇమ్మానియేలు నిలబడి ముందుగా చొక్కా చేతులు రెండూ మోచేతులపైకి మడిచాడు. తర్వాత మరియదాసు పేరుతో మొదలుపెట్టి, సంతకం దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. తనను నమ్మి పేర్లిచ్చినవాళ్ల కాళ్లు పట్టుకోవాల్సినవాణ్నన్నాడు. పాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

మొదట లేచింది యేసుపాదం. "బావా, నువ్వు చెప్పింది బాగానే ఉంది. పత్తితీత అయిపోయాక ఇక్కడ నా పొట్టకేంది దారి? ఓడలెక్కడికీ పోవు. ఆకలీ ఎక్కడికీ పోదు. నేనైతే వస్తా. అత్త ముఠా ఎట్టా పనికి దిగిద్దో మనమూ అట్టాగే దిగుదాం."

గుడిలో చిన్న కలకలం పుట్టింది. జయకుమారి మొగుడివైపు ఉరిమి చూసింది. కాసేపు చూసి, ఆ చూపు మెల్లగా అమ్మవైపు తిప్పింది. ఆదెమ్మ తల ఊపింది. సోమవారం ఇమ్మానియేలు వెంట పదహారు మందీ రైలెక్కారు. ఇరవై నలుగురు ఆడవాళ్లు తలా ఒక సీసా పండుమిరపకాయ పచ్చడి పెట్టి పంపారు.

అక్కడ జరిగింది యేసుపాదం తర్వాత వందసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగింది కూడా. కానీ అసలు సంగతి ఇది. కొత్తగా వచ్చిన ఓడ ట్యాంకు దగ్గరకు పదహారు మందినీ నడిపించారు. మేనేజరు వచ్చి, అంతా శుభ్రంగా ఉంది, దిగండన్నాడు. అబ్దుల్ ఖాదర్‌కు హిందీ ధారాళంగా వచ్చు. అతను చేతులు కట్టుకుని వినయంగా, ముందు మీరు దిగండి సార్, మీ వెనకే మేమూ అన్నాడు.

మేనేజరు ఆ రంధ్రంలోకి ఒకసారి చూశాడు. వీళ్లవైపు ఒకసారి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

అంతే. ఆ రెండడుగులు ఓడంతా చూసింది. శుభ్రంగా ఉందన్న మనిషే దిగనంటే మేమెందుకు దిగాలని పక్కనున్న ఒరియావాళ్లు సమ్మెటలు కింద పెట్టారు. వాళ్లను చూసి బీహారువాళ్లు పెట్టారు. సాయంత్రానికి నాలుగొందల మంది ఇసుకలో కూర్చున్నారు. ఇమ్మానియేలు మేస్త్రీ పని ఆ గంటలోనే ఊడింది. పదహారు మందీ కలిసి, కంపెనీకి కాకపోతే మాకు మేస్త్రీవి అన్నారు. ఎనిమిది రోజులు కూర్చున్నారు. అన్నంలోకి మన పచ్చడి తిని ఒరియావాళ్లు కళ్లవెంట నీళ్లు కారుస్తూనే మళ్లీ అడిగి వేయించుకున్నారట.

తొమ్మిదోనాడు గాలిని పరీక్షించే యంత్రం వచ్చింది. ట్యాంకులకు పెద్ద కంతలు కోసి, కడిగించి, గాలి ఆడించాకే పనన్నారు. యార్డు ఇంజనీరు ముందు దిగాలనీ, అతను క్షేమంగా పైకి వచ్చాకే కూలీ దిగాలనీ కాగితం మీద రాశారు. ఇమ్మానియేలు ఆ కాగితంతో ఆగలేదు. పట్నంలో లేబరు ఆఫీసుకు పోయి, పాత సంతకం బెదిరిస్తే పెట్టిందనీ, లాంతరు తన చేతులతోనే వెలిగించాననీ, వద్దని ఎవరూ చెప్పలేదనీ కొత్తగా రాసి ఇచ్చాడు. పోలీసులు పట్టుకుపోతే పోనీ అనుకునే వెళ్లాడు. ఎవరూ పట్టుకోలేదు. ఫిబ్రవరిలో, మరియదాసు తప్పేమీ లేదని తీర్పు వచ్చింది. దేవకుమారికి నష్టపరిహారం వచ్చింది. మా ఆయన తెలివితక్కువవాడు కాదని తేలింది, అది చాలన్నా అని ఆమె ఇమ్మానియేలుకు ఉత్తరం రాయించింది.

మార్చిలో ఒక పొద్దున చీరాలలో రైలు దిగి, పర్చూరు బస్సెక్కి, ఇమ్మానియేలు, యేసుపాదం పేటకు వచ్చారు. జయకుమారి పదిహేనురోజుల బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టి, ఇన్నాళ్లు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. అమ్మేదని అడిగితే మిరపకోతకు పోయిందన్నారు. ఇమ్మానియేలు సంచి అక్కడే పడేసి చేనుకు పరుగెత్తాడు.

గట్టు మీద చెంచురామయ్య అప్పుడే సాలు పొడుగునా నడిచొచ్చి కాళ్లు దులుపుకుంటున్నాడు. "ఏరా, నాలుగొందల మందిని కూర్చోబెట్టావంటగా! ఆ ఇంజనీరుకంటే ముందు దిగింది నేనేనని చెప్పావా అక్కడ?" అని మీసం దువ్వుకున్నాడు.

ఇమ్మానియేలు ఆయన మాట వినడంలేదు. ఎర్రటి మిరపచేలో ఇరవై నలుగురి మధ్య ఒకే ఒక కొత్త చీర మెరుస్తోంది. మంగళగిరి చీర, మడతలు కూడా పోలేదు. సంతకం వెనక్కి తీసుకున్న సంగతీ, తీర్పు సంగతీ రాసిన ఉత్తరం ముందురోజే ఇంటికి చేరింది.

ఆదెమ్మ కొడుకును చూసి నడుము నిటారుగా చేసి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. కారం చేతులతో తుడుచుకోలేక వాటినలా వదిలేసింది.

"మిరపచేలోకి ఎవరన్నా ఈ చీర కడతారా అమ్మా? పాడైపోద్ది" అన్నాడు.

"పోతే పోనియ్యరా. ఇన్నాళ్లు మేస్త్రీనై తిరిగినప్పుడు నాకు కొత్త చీర కట్టుకోవాలని బుద్ధిపుట్టలేదు," అంది ఆదెమ్మ. "ఇవాళ మేస్త్రీ తల్లినయ్యా. కట్టుకోనా మరి?"