పెత్రమాస నాటి జడ్తి

పెత్రమాస... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రిని మించిన అపఘడియ అది. పితృదేవతలు ఆకలితో ఇళ్ల చుట్టూ తిరిగే ఆ అమావాస్య దినాన, అనంతగిరి కొండల మీదుగా కదలివచ్చిన కారుమేఘాలు కుల్కచర్ల చేలపై సూర్యబింబాన్ని కబళించాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు! నడుమెత్తు పెరిగిన కంది చేనులోంచి పట్టపగలే ఒక గుడ్లగూబ అరిచింది... ఒకసారి... రెండుసార్లు... మూడోసారి అరవబోయి ఎవరో గొంతు నులిమినట్టు ఆగిపోయింది.

చేను అంచున గొర్రెల మంద కట్టే ఖాళీ జాగా. అక్కడ ముగ్గు నడుమ జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది బుగ్గమ్మ. ఎదుట, మంద కాసే ఆమె అత్తింటివాళ్లు తరతరాలుగా మొక్కే బీరప్ప రాయి. ఆ రాయి మీద... దవడ ఊడిన కపాలం!

కూతురు నవనీత ఆమెను చూసి ఏడవలేదు. ఏడుపు పున్నమి నాడే అయిపోయింది. ఇప్పుడామెలో మిగిలింది అసహ్యం. దానికి కారకులైన ఇద్దరూ ఎదురుగానే నిలబడి ఉన్నారు.

ఒకడు చిన్నాయన దశరథ్. అన్న బతికున్నన్నాళ్లు వదినె చేతి జొన్నరొట్టె తిని, ఆయన పోయి ఏడాది తిరగకముందే రోడ్డు వెంట ఉన్న ఆమె మూడెకరాల మీద కన్నేసిన ఘనుడు. తన వాటా ఎప్పుడో ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్ముకుని కారు కొన్నాడు. ఆ కారును పరిగి రోడ్డు మీద చెట్టుకు గుద్దాడు. "నేనమ్మ. అమ్మితె మంద ఏడ కట్టాలె?" అని బుగ్గమ్మ తెగేసి చెప్పాక, స్వయంగా చంపే ధైర్యం లేక, తనలాంటి పిరికివాణ్ణే ఇంకొకణ్ణి వెతికి తెచ్చుకున్నాడు.

ఆ రెండోవాడు పరశురాం. మహామాంత్రికుడట! మెడలో ఎముకల దండ, ఎనిమిది వేళ్లకు ఉంగరాలు, బుల్లెట్ బండి. మంత్రం మధ్యలో ఫోన్ మోగితే ఎత్తి "జర ఆగు, పూజల ఉన్న" అనేంత నిష్ఠాగరిష్ఠుడు! చూస్తే నవ్వొచ్చే మనిషే. కానీ వాడి విద్య మాత్రం నకిలీ కాదు. నవనీత భయమల్లా అదే.

పున్నమి నాడు వాడు ఆ కపాలపు దవడను చేను మూలన పాతిపెట్టాడు. ఆ సాయంత్రమే బుగ్గమ్మ గుప్పిళ్లతో మట్టి తిన్నది. మగగొంతుతో నవ్వింది. నవనీత ఇంటింటికీ తిరిగి మొత్తుకుంది. పెండ్లిళ్లలో మీసాలు మెలేసే మగవాళ్లంతా పుర్రె అన్న మాట వినగానే తలుపులు మూసుకున్నారు. థూ, ఏం ఊరో!

"రేపు పొద్దుగాల రిజిస్ట్రేషన్ ఉన్నది, సామీ," అన్నాడు దశరథ్ చెమట తుడుచుకుంటూ. "వదినె నడిచి వస్తదా?"

"రాక ఏం జేస్తది? పొట్టేలు నెత్తురు పుర్రె మీద పడంగనే నేను లెవ్వమంటె లేస్తది, ఏలు పెట్టమంటె పెడ్తది. ఏలుముద్ర పడ్డంక..." పరశురాం పళ్లికిలించాడు. "దాని పానం పుర్రెదే!"

"చంపుతా! తాగుతా! ఈ భూమి నాదీ!" ముగ్గులోంచి బుగ్గమ్మ వికృతంగా గర్జించింది... కనుగుడ్లు తేలిపోయాయి... పెదవుల మీద నురుగు!

నవనీత చేతిలో వేపాకు వేసిన పసుపునీళ్ల చెంబు ఉంది. కడుపున పుట్టినదే దాన్ని పట్టుకోవాలని, కాదంటే తల్లి ఈ క్షణమే నెత్తురు కక్కుతుందని పరశురాం శాసించాడు. ఆమె చెంబును బిగించి పట్టుకుంది. భయంతో సగం, కోపంతో సగం.

"హ్రీం! హుం! ఫట్!"

కాలభైరవ కంఠంతో మంత్రం ముగించి వాడు కత్తి ఎత్తాడు. మందకు ముందు నడిచే నల్లపొట్టేలు మెడ వంచి నిలబడి ఉంది.

"సామీ!" దశరథ్ వాడి చేయి పట్టుకున్నాడు. "జడ్తి అడగాలె. అది ఇయ్యకుంట కోస్తె బీరప్ప ఊకోడు."

దశరథ్ ఎంత నీచుడైనా మంద కాసిన ఇంట్లో పుట్టినవాడు. పసుపునీళ్లు చల్లితే జీవం తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించాలి. దాన్నే జడ్తి అంటారు. జడ్తి ఇచ్చిందంటే దేవుడు ఆ బలిని స్వీకరించినట్టు. ఇవ్వకపోతే కత్తి దించాల్సిందే.

పరశురాం పగలబడి నవ్వాడు. "గొర్రె ఒప్పుకోవాల్నా? గొర్లు కాసి కాసి మీకు గూడ గొర్రె బుద్ధే వచ్చిందిరా!" అంటూనే చెంబులో చేయి ముంచి నీళ్లు చిలకరించాడు.

పొట్టేలు కదల్లేదు.

మళ్లీ చల్లాడు. మూడోసారి చేరెడు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు ఉన్ని మీద నుంచి జారి నేల మీద పడ్డాయి. పొట్టేలు నెమరువేస్తూ వాడి ముఖంలోకే చూస్తోంది... చూస్తూనే ఉంది...

"ఇయ్యకుంటె ఇయ్యకపాయె! ఈ రాయి దేవుడు నన్నేం పీకుతడు?" అని బీరప్ప రాతిని కాలితో తన్ని, మళ్లీ కత్తి ఎత్తాడు పరశురాం.

నవనీతకు ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్ల అసహ్యమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"పొట్టేలును మూడుసార్లు అడిగినవ్ గద! నిన్ను గూడ ఒక్కసారి అడుగుతం, ఉండు!"

అంటూ చెంబులోని నీళ్లు వాడి నడినెత్తిన దిమ్మరించింది!

నిజానికి వాణ్ణి అవమానించాలనుకుంది, అంతే. వాడి కళ్లలోకి నీళ్లు పోతే చాలనుకుంది.

"ఓ పొల్లా! నిన్ను..."

మాట ఆగిపోయింది. పరశురాం తల విదిలించుకున్నాడు. తల ఆగలేదు! మెడ ఊగింది... భుజాలు ఊగాయి... ఎముకల దండ గలగలలాడింది... నడుము, తొడలు, పిక్కలు, అరికాళ్లు... తడిసిన పొట్టేలు ఒళ్లు దులిపినట్టు, నెత్తి నుంచి కాలివేళ్ల దాకా వాడి దేహమంతా ఒక్క విదిలింపు విదిలించింది!

 ఉరుము సైతం ఊపిరి బిగబట్టింది.

"ఇ... ఇచ్చిండు," అన్నాడు దశరథ్, వెనక్కి పడిపోతూ. "జడ్తి ఇచ్చిండు!"

పరశురాంకు అర్థమైంది. కత్తి వదలకుండానే ఎనిమిది ఉంగరాల చేతులు నెత్తి మీదికెత్తి జోడించాడు. "వద్దు... తప్పయింది... తండ్రీ..." అని ఏడ్చాడు. ఇంతకాలం ఎందరెందరినో ఏడిపించిన ఏడుపే అది. వాడి నోట వింటే మరీ లేకిగా ఉంది.

ఆకాశం నిలువునా చీలింది! ప్రళయాగ్ని ధారలా దిగిన పిడుగు ఎత్తిన కత్తి గుండా వాడి శిరస్సు మీద పడింది... ఒక్క ఆర్తనాదం! రాయి మీది కపాలం భళ్లున పగిలి పిండిపిండి అయింది. పొగ తేలిపోయేసరికి బీరప్ప రాయి చెక్కుచెదరకుండా ఉంది. దాని ముందర కాలిన ఉంగరాలు తప్ప ఏరుకోవడానికి ఏమీ మిగల్లేదు. పొట్టేలు మాత్రం నెమరు మానలేదు.

ముగ్గులో బుగ్గమ్మ నోట్లోంచి మట్టి ఉమ్మి, కళ్లు తెరిచింది.

"నవనీతా... బిడ్డా... గీడ గూసున్ననేందే?"

తల్లి గొంతు... తల్లి సొంత గొంతు! నవనీత గుండె నిండిపోయింది. బతికున్న మనిషి తన కళ్ల ముందే మాడిపోతే కాస్తయినా జాలి కలగలేదు. ఆ సంగతి ఆమెనే కొంచెం భయపెట్టింది.

అప్పుడు చూసుకుంది, చెంబు అడుగున గుక్కెడు పసుపునీళ్లు ఇంకా ఉన్నాయి.

ఆమె మెల్లగా చిన్నాయన వైపు తిరిగింది.

దశరథ్ చెంబును చూశాడు. బీరప్ప రాతిని చూశాడు. "వద్దు బిడ్డా... అడగకు... నన్నడగకు!" అంటూ రెండు చేతులతో తన ఒంటిని తానే బిగించి పట్టుకున్నాడు, ఎక్కడ విదిలించుకుంటుందోనని. అలాగే పట్టుకుని, చెప్పులు వదిలేసి, హద్దురాళ్లు దాటి పరుగెత్తాడు.