గడప ముందు పస్తున్న రాజు

దల్ రియాద రాజ్యంలో చీకటి పడ్డాక కోటగుట్ట కింది నిలువురాయి వైపు ఎవరూ పోరు. బెకాన్ రాజు అక్కడ దెయ్యమై తిరుగుతున్నాడని అందరూ ఒప్పుకుంటారు. అసలు బెకాన్ రాజేనా అని అడిగితే మాత్రం కొట్టుకు చస్తారు.

గుట్ట మీద రాతిలో చెక్కిన పాదంలో కాలు పెడితేనే ఎవరైనా రాజు. బెకాన్ పెట్టాడని అతని మనుషులంటారు. పెట్టాడు గానీ చెప్పుతో పెట్టాడు, చెల్లదని బెకాన్ అన్న కొడుకు ఫెరదాక్ అన్నాడు. యుద్ధం జరిగింది... బెకాన్ కనపడకుండా పోయాడు. గద్దెక్కింది ఫెరదాక్ కాబట్టి, చెప్పు సంగతి తేలిపోయింది.

కింది నిలువురాయికి ఎదురిల్లే ఆస్థాన కవి కోల్గుది. ఏటా కొలువులో పాత రాజుల పేర్లు వరసగా చదివేది ఆయనే. సరిగ్గా బెకాన్ దగ్గరికి వచ్చేసరికి ఆయనకి దగ్గొచ్చేది.

ఈసారి కొలువు దగ్గరపడుతుండగా, ఒక రాత్రి... తలుపవతల ఎవరో కూలబడ్డ చప్పుడు.

"ఎవరది?"

"బెకాన్‌ని..." గుసగుసగా వినిపించింది. "నీ గడప ముందు పస్తు కూర్చున్నా. నా పేరు చదువుతానని మాటిచ్చేదాకా వదలను."

కోల్గు నోటిదాకా వచ్చిన ముద్ద దించేశాడు. అన్యాయమైపోయినవాడు గడప ముందు పస్తుంటే లోపలివాడు ముద్ద ముట్టకూడదు. ముట్టాడా, పరువు పోయినట్టే. పరువు పోయిన కవిని కొలువు గుమ్మం తొక్కనివ్వరు. మనిషైతే తెల్లారితే లేచిపోతాడు. దెయ్యం లేచిందో లేదో పగటిపూట తెలిసేదెలా? అందుకని కోల్గు పగలు కూడా తినడం మానేశాడు.

ఆయన భార్య రొనాట్ మాత్రం బార్లీ రొట్టెకి వెన్న రాసుకుని తింటూ కూర్చునేది. "పస్తు మీ మీద కదండీ, నా మీద కాదుగా. ఆ పేరేదో చదివేస్తే పోలా?"

"చదివితే ఫెరదాక్ నా తల తీయిస్తాడే."

"నోట్లోకి ముద్ద పోనప్పుడు ఆ తల ఉండి ఏం ఒరగబెడుతోందట?"

రేపు కొలువనగా కోల్గుకి కళ్లు తిరిగాయి... బుర్ర కూడా తిరిగింది. దెయ్యం పట్టపగలు కొలువుకొచ్చి అడుగుతుందా ఏంటి? ఇప్పటికి మాటిచ్చేస్తే సరి.

రొట్టె పట్టుకుని తలుపు ఓరగా తీశాడు. నల్లగా... కదలకుండా... ఒక ఆకారం కూర్చుని ఉంది.

"చదువుతాను దొరా. నా భార్యే సాక్షి. ఈ రొట్టె తిని పస్తు విడవండి."

చీకట్లోంచి చెయ్యి వచ్చింది. వేళ్లు తగిలాయి—

వెచ్చగా ఉన్నాయి.

నములుతున్న చప్పుడు వినిపించింది. కోల్గు తలుపు ఇంకాస్త తీశాడు. "మీరు... చచ్చిపోయారన్నారుగా..."

"నేను రాజునా కాదా అని ఇన్నేళ్లు కొట్టుకున్నారు గానీ, చచ్చానా బతికానా అని ఒక్కడన్నా అడిగాడా?" ముసలాయన మూతి తుడుచుకున్నాడు. "చిక్కిపోయావేంటోయ్? పస్తు రాత్రికేగా. పగలు నేను సుబ్బరంగా చేపలు కాల్చుకు తిన్నాను."

కోల్గు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"రేపు మావాళ్లందరితో వచ్చి ముందు వరసలో కూర్చుంటా," అన్నాడు బెకాన్. "కాస్త గట్టిగా చదువు నాయనా. వయసైపోయింది, సరిగా వినపడదు."