పడుగు తెగలేదు

"గ, ప, ర, స, వ..."

పొయ్యి మీద టీ మరుగుతుంటే అత్తగారు గొణుక్కుంటున్నారు. చెప్పులు తొడుక్కోబోతున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. అవి తను పనిచేసే కంటి ఆసుపత్రిలో, చూపు పరీక్షించే గోడమీది పట్టీలోని ఐదో వరుస అక్షరాలు!

అత్తగారి కుడికంటి వెనక పొరలో రక్తనాళం పూడుకుపోయి మూడు వారాలైంది. అయినా పరీక్షలో ఆ కన్నుతో ఆవిడ ఐదో వరుస దాకా గడగడా చదివేశారు. "వాపున్నా చూపు బాగానే ఉంది. ఇంజెక్షన్ ఇప్పుడే వద్దు, ఆగి చూద్దాం" అన్నాడు డాక్టరు.

కోడలు గోడమీది క్యాలెండర్ తీసి ఎదురుగా పట్టుకుంది.

"ఎడమ కన్ను మూసుకోండత్తయ్యా. ఈ అంకె ఎంత?"

"పొద్దున్నే ఏమిటే ఈ పరీక్షలు? టీ పొంగిపోతోంది."

"పొంగనీండి. ఎంత?"

అత్తగారు మెడ అటూ ఇటూ తిప్పారు. "ఏదో... నల్లగా ఉంది."

అరచేయంత అంకె అది.

"బట్టీ పట్టారా?"

"నా ముందు పదిమంది చదివారు. విని విని వచ్చేసింది. చెవులు బాగానే ఉన్నాయిగా!"

"నవ్వకండి! మీ మాట నమ్మి వైద్యం ఆపేశారు. స్కాన్ తీసిన నా కళ్ళలోనే దుమ్ము కొట్టారే!"

అత్తగారి నవ్వు మాయమైంది. "ముప్పై ఐదేళ్ళుగా చిరిగిన బట్టలకు రఫూ చేస్తున్న చేతులివి. కన్ను పోయిందంటే సూది లాగేసుకుంటారు. ఆ తర్వాత నేనెవర్ని?"

కోడలి కోపం చప్పున చల్లారింది. ఉద్యోగంలో చేరిన రోజు మేకుకు పట్టి చిరిగిన తన తెల్ల కోటును ఈవిడే బాగుచేశారు. ఆ చిరుగు ఎక్కడుండేదో ఈనాటికీ తను కనిపెట్టలేకపోయింది.

తన ఫోన్‌లో అత్తగారి కంటి స్కాన్ బొమ్మ పెద్దది చేసింది. "మంచి కన్నుతో చూడండి. ఈ ఉబ్బంతా వాపు. దాని కింద సన్న గీత ఉందే, చూపంతా దానిమీదే ఆధారపడి ఉంది. అది తెగితే వాపు తగ్గినా చూపు తిరిగి రావడం కష్టం."

బాగుచేయమని ఎవరో తెచ్చిన గుడ్డను తిరగేసి చూసినట్టే చూశారు అత్తగారు. ఆ చివర నుంచి ఈ చివరికి వేలు నడిపించారు.

"నిలువు దారాలు, అదే పడుగు, తెగలేదే! పడుగుంటే గుడ్డ నిలుస్తుంది."

"డాక్టరు చూసేదీ అదే. మొదట చూపెంత, గీత ఎంత మిగిలింది అని చూస్తాడు. మాటివ్వడు, కానీ ఆశ ఉందంటాడు. మీరు నిజం చెప్తేనే."

ఆ రోజే డాక్టరుకు నిజం చెప్పారు. మొదటి వరుస దాటలేకపోయారు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

మూడో ఇంజెక్షన్ అయిన నెలకి మళ్ళీ పట్టీ ముందు కూర్చున్నారు. ఈసారి అక్షరాలు మార్చిన పై నాలుగు వరుసలూ తడబడుతూ దాటారు. ఐదోది మాత్రం మార్చలేదు, పాతదే. కళ్ళు మూసుకున్నా చెప్పగలరు.

చాలాసేపు చూశారు. పెదవి కదిలింది, ఆగింది.

"ఇది కనబడట్లేదమ్మాయ్."

కోడలు 'నాలుగు' అని రాసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుస్తావేమిటే? నీ కళ్ళూ చెడితే నా స్కాన్ ఎవరు తీస్తారు?"